గుట్ట మీది మైనం

నా బొమ్మలు ఎక్కడ పెట్టినా అక్కడివాళ్లతో నాకు ఒక తగాదా తప్పదు. ప్రతి బొమ్మ ముందూ "ముట్టుకోరాదు" అని ఒక అట్ట నిలబెడతారు. వాళ్లు అటు తిరగగానే నేను ఆ అట్టలన్నీ ఏరి బల్ల కింద పడేస్తాను. ముసలిదానికి చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. పోయిన వానాకాలం హైదరాబాదులోనూ అదే తంతు. పుట్టమన్నూ మైనమూ తాటిపీచూ కలిపి మనిషెత్తు తేనెతుట్టె ఒకటి చేసి వేలాడదీశాను. దాని గూళ్లలో వేలు పెట్టి చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది, అనిపించాలనే అట్లా చేశాను. నాలుగేళ్ల పిల్ల ఒకతి వేలు పెట్టబోతే వాళ్లమ్మ చటుక్కున చెయ్యి లాగేసింది. "ముట్టుకోకు, ఎవరెవరు చేతులు పెట్టారో ఏమో" అంది. మెల్లగానే అంది. కానీ ఆ మాట చెవిన పడగానే నేను పక్కనున్న కుర్చీలో కూలబడ్డాను. ఆ తల్లి మంచిదే, పరుగున పోయి నీళ్లు తెచ్చిచ్చింది. ఆమెకేం తెలుసు, ఆ మాటే, ఆ గొంతుతోనే వింటూ పెరిగినదాన్ని నేను.

మా ఇల్లు తాండూరులో, బండల గనులకు పోయే బాట పక్కన ఉండేది. నేల బండ, గోడ బండ, కప్పు బండ. ఎండాకాలం పెనం మీద కూచున్నట్టు, చలికాలం బావిలో కూచున్నట్టు ఉండేది. మా నాయన గనిలో నాపబండలు చీల్చేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చాక కూడా ఆయన చేతులు ఊరుకునేవి కావు. గనిలో పనికిరాక పారేసిన ముక్కను మూటలో వేసుకొచ్చి, వాకిట్లో కూచుని సన్న ఉలితో ఎద్దునో కోడిపుంజునో చెక్కేవాడు. ఆయన మీసాల్లో, కనుబొమల్లో ఎప్పుడూ బండపిండి తెల్లగా పట్టి ఉండేది. తడిబట్ట ఆరుతున్నప్పుడు వచ్చే వాసన ఒకటుంటుంది, ఆ పిండిది అదే వాసన. నా చిన్నతనంలో నాయన అంటే ఆ వాసనే. ఇంటి పెత్తనం మాత్రం నాయనమ్మది. తెల్లారకముందే లేచి వాకిట్లో పేడనీళ్ల సానుపు చల్లి, పొగాకు ముక్క దవడన పెట్టుకుని, ఇవాళ ఎండకు ఏం పెట్టాలా అని ఇల్లంతా గాలించేది. ఎండంటే ఆమెకు వైద్యుడి కంటే ఎక్కువ గురి. బొంతలు, పప్పులు, చింతపండు, వానకు తడిసిన చెప్పులు, ఒకసారి తెగులు తగిలిన కోడిని కూడా గంప కింద మూసి ఎండలో పెట్టింది. "ఎండకు పెట్టున్రి, అన్ని సాఫయితయి" అనేది. అమ్మ ఎదురు చెప్పేది కాదు, పక్కకు తిరిగి నవ్వుకునేది.

నాయనకు దగ్గు ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేకపోయారు. గనిలో పనిచేసేవాళ్లంతా దగ్గేవాళ్లే. ఒకనాడు అన్నం ముందు కూచుని దగ్గి, నోటికి అడ్డం పెట్టుకున్న రుమాలు మడిచి గబుక్కున నడుముకు దోపుకున్నాడు. అమ్మ చూసింది. నేనూ చూశాను, కానీ ఎర్రగా ఉన్నది తమలపాకు మరకేమో అనుకున్నాను. ఆ మర్నాటి నుంచి నాయన కంచం వేరు, చెంబు వేరు, పడక గొడ్ల కొట్టంలో. నేను అలవాటు కొద్దీ ఆయన వైపు ఉరికితే నాయనమ్మ నా రెక్క పట్టి లాగేది. "ముట్టకు బిడ్డా. ముట్టినవంటే నిన్ను గూడ గుట్ట మీదికి తోలుతరు" అనేది. గుట్ట అంటే వికారాబాదు దగ్గరి అనంతగిరి. అక్కడ అడవిలో క్షయ రోగుల దవాఖాన ఉండేది. ఆ జబ్బు పేరు మా వాడలో ఎవరూ పలికేవాళ్లు కాదు, పలికితే అంటుకుంటుందన్నట్టు. "గుట్టకు పోయిండు" అనేవాళ్లు, అంతే. అట్లా పోయినవాళ్లలో మా వాడకు తిరిగి వచ్చినవాళ్లు ఎవరూ నాకు తెలియదు.

మాకూ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడలో చెయ్యి పట్టేంత కంత ఉండేది. నిప్పుకణికలు, చల్లచెంబు, చింతకాయ తొక్కు, ఆ ఇంటి కబుర్లు, ఈ ఇంటి కబుర్లు అన్నీ అందులోంచే అటూ ఇటూ పోయేవి. నాయన సంగతి తెలిసిన రోజు పొద్దున నేను ఆ కంతలో చెయ్యి పెట్టి నిప్పు అడగబోతే వేళ్లకు తడిమట్టి తగిలింది. అవతలి నుంచి బండముక్క అడ్డం పెట్టి మట్టితో మెత్తేశారు. మట్టి ఇంకా ఆరనేలేదు. అమ్మ ఆ గోడ ముందు చాలాసేపు నిలబడింది. రజాకార్ల గడబిడ నాడు కూడా తనకు ఇంత భయం వెయ్యలేదని ఆమె తర్వాత చాలాసార్లు అనేది. "అప్పుడు అందరం కలిసి గనిల దాక్కున్నం, వాళ్లు పోయినంక ఎల్లొచ్చినం. గిప్పుడు యాడ దాక్కుందుము" అనేది. ఇంకో నాలుగు రోజులకు మా మేనమామ శివయ్య వచ్చి నాయనను రైలెక్కించి గుట్టకు తీసుకుపోయాడు. నాయన పడుకున్న నులకమంచాన్ని నాయనమ్మ వాకిట్లో పెట్టి కాల్చేసింది. మనిషి బతికి ఉండగానే ఆయన మంచం కాలుతుంటే చూడటం నాకు ఎట్లా ఉందో ఇప్పటికీ చెప్పలేను. అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆ మంట పెట్టిన నాయనమ్మే.

నన్ను మొదటిసారి గుట్టకు తీసుకుపోయింది చలి పోయి ఎండలు మొదలైన రోజుల్లో. నేను అన్నం సరిగ్గా తినడం లేదని, నాయనను ఒక్కసారి చూపిస్తే నయమని అమ్మ మామను బతిమాలింది. తాండూరులో రైలెక్కి వికారాబాదులో దిగి, అక్కడి నుంచి ఎడ్లబండి మీద అడవిదారిన గుట్ట ఎక్కాం. దారి పొడుగునా మామ నాకు ఒకటే చెప్పాడు: గాలి గట్టిగా పీల్చకు. నేను ఆ మాట పట్టుకుని, గుట్ట పైకి చేరేలోపు ఊపిరి బిగబట్టీ బిగబట్టీ కళ్లు తిరిగి బండిలో వాలిపోయాను. దవాఖాన నేను భయపడినట్టు చీకటిగా లేదు. పొడుగాటి వరండా, అందులో వరసగా మంచాలు, మంచాల మీద మనుషులు అడవిని చూస్తూ పడుకుని ఉన్నారు. గాలే వాళ్లకు మందట. పిల్లలను వరండా ఎక్కనివ్వరు. కొంచెం దూరంలో ఒక మద్దిచెట్టు కింద నిలబడి మాట్లాడాలి. ఆ చెట్టు పెద్ద కొమ్మకు నల్లగా, చేటంత తేనెతుట్టె వేలాడుతోంది. దాని మీద ఈగలు కదులుతుంటే తుట్టె మొత్తం ఊపిరి తీస్తున్నట్టు అలలు అలలుగా మెరిసేది. ఇటు చూస్తే జబ్బు, పైన చూస్తే ఈగలు. నేను మామ పంచె పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

"దగ్గరికి రాకు బిడ్డ, ఆడనే నిలవడు" అని వినపడితే కళ్లు తెరిచాను. వరండా చివర నాయన. మీసాల్లో తెల్లటి పిండి లేదు. దుమ్ము లేని నాయన ముఖం ఎవరో కొత్తమనిషిది లాగా ఉంది. మామ బీడీ తీసి వెలిగించాడు. నాయన చెయ్యెత్తాడు. "బీడీ ఆర్పు శివయ్యా. పొగ తగిల్తే అవి లేస్తయి. ఈడున్నోళ్లు ఒక్కరు గూడ ఉరకలేరు" అన్నాడు, చాలా మెల్లగా. మామ బీడీని కాలి కింద నలిపి, చెప్పు అక్కడే ఉంచి చాలాసేపు కదల్లేదు. ఆ దవాఖానలో అందరూ అట్లాగే మెల్లగా మాట్లాడేవాళ్లని, సగం రొమ్ముల్లో బలం లేక, సగం ఆ ఈగలకు భయపడి అని నాయన తర్వాత చెప్పాడు. పొద్దంతా ఆ తుట్టెనే చూస్తూ పడుకునేవాడట. రాయి ఇక జన్మలో ముట్టొద్దని డాక్టరు సాబు ఖరాఖండిగా చెప్పేశాడు. చేతులకు పనిలేక పిచ్చెక్కుతుంటే, ఈగలు వదిలిపోయిన పాత తుట్టె ఒకటి గాలికి కింద రాలిందట. దాన్ని వేడినీళ్లలో కరిగించి వడగడితే మైనం వచ్చింది.

ఆ మైనంతో ఏం చేస్తున్నాడో నాకు చేసి చూపించాడు. ముద్ద కొంచెం తుంచి అరచేతిలో పెట్టుకుని, నోటి దగ్గరికి తెచ్చి, చలిలో వేళ్లు కాచుకున్నట్టు దాని మీదికి ఊపిరి వదిలాడు. వదిలి, బొటనవేలితో నొక్కాడు. మళ్లీ ఊపిరి, మళ్లీ నొక్కు. మైనం మాట విన్నది. నేను చూస్తుండగానే అది తమలపాకంత పల్చని గోడ అయింది, ఆ గోడకు ఆనుకుని ఇంకో గోడ, మధ్యలో గూడు. "సూసినవా బిడ్డ, గోడ ఒక్కటే, ఇండ్లు రెండు. ఈగలు గట్లనే కడ్తయి" అన్నాడు. నాకు మా ఇంటి కంత గుర్తొచ్చింది కానీ మెత్తేసిన సంగతి చెప్పలేదు. బయల్దేరేటప్పుడు సిస్టరమ్మ మోదుగాకులో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చి మామకిచ్చింది. నాయన చేసి పెట్టిన తుట్టె అది, జానెడుంటుంది. పైన పుట్టమన్ను మెత్తి, ఆకుల ఈనెలు అద్ది, అచ్చం అడవిలోంచి ఊడబెరికి తెచ్చినట్టే చేశాడు. లోపల ఒక్కో గూట్లో ఒక్కో మనిషి, వడ్లగింజ కంటే కొంచెం పెద్ద. పొగాకు దవడ ఉబ్బెత్తుగా ఉన్నది నాయనమ్మ, చేట పట్టుకున్నది అమ్మ, రెండు జడలది నేను. ఒక గూడు ఖాళీ. అది ఎవరిదని నేను అడగలేదు, దారంతా దాన్ని చూస్తూనే వచ్చాను.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం. నాయనమ్మ మమ్మల్ని గడప ఎక్కనివ్వలేదు. కాళ్లూ చేతులూ వేపాకు నీళ్లతో కడిగించింది. పొట్లం నా చేతిలో చూసి ముఖం మాడ్చుకుంది. "ఆడికెల్లి తెచ్చింది ఇంట్లకు రావొద్దు. ముంగట ఎండకు పెట్టు, ఎవ్వరెవ్వరు ముట్టిన్రో ఏమో" అంది. పారెయ్యమనలేదు, కొడుకు చేసింది కదా. కట్టెతో ఆకు విప్పి, వాకిట్లో బండ మీద, ఎండ నేరుగా పడే చోట పెట్టించింది. పైన ఉన్న మన్ను చూసి ఇంట్లోవాళ్లు అది మట్టిబొమ్మే అనుకున్నారు. లోపల మైనమని తెలిసినవాళ్లం నేనూ మామా ఇద్దరమే. మామ అప్పటికే స్టేషనుకు పోయాడు. నాకేమో ఎండకూ మైనానికీ ఉన్న సంబంధం తెలియదు, నేను చూసింది ఊపిరికి మెత్తబడటమే. అన్నం తిని ఒక కునుకు తీసి లేచేసరికి వాకిట్లో నాయనమ్మ కేక వినపడింది. మన్ను పెంకు పగిలి, లోపలి నుంచి పసుపుపచ్చటి మైనం కారి, బండ మీద చిన్న మడుగు కట్టింది. అందులో ఎవరు ఎవరో తెలియడం లేదు. నాయనమ్మ, అమ్మ, నేను, ఖాళీ గూడు అన్నీ కలిసిపోయాయి.

నాయనమ్మ ఆ మడుగు పక్కన చతికిలబడి, "కొడుకా, నీ పానం గిట్లనే కరిగిపాయెనా" అని గుండెలు బాదుకుంది. మైనం ఎండకు కరుగుతుందని ఎవరికైనా తెలుసు, ఆమెకూ తెలుసు. కానీ ఆ క్షణంలో అది మైనం కాదు, కబురు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరం చెవులు రిక్కించుకుని బతికాం. వాకిట్లో ఎవరి చెప్పుల చప్పుడైనా అమ్మ చేతిలో పని ఆగిపోయేది. తపాలా మనిషి మా బాటన వస్తుంటే నాయనమ్మ లోపలికి పోయి దేవుడి గూటి ముందు కూచుని, అతను దాటిపోయాడని నేను చెప్పేదాకా బయటికి వచ్చేది కాదు. నాకేమో ఆ భయం ఒకవైపు, ఆ మైనం మీద ఆశ ఒకవైపు. బండ మీద ఆరిన మైనాన్ని నాయనమ్మ పారతో గీకి తుమ్మచెట్ల అవతల పారేసింది. బండ సందులో మాత్రం కొంచెం మిగిలింది. దాన్ని గోటితో పెళ్లగించి, రేగ్గాయంత ఉండ చేసి, పావడా చెరగున ముడేసుకున్నాను. ఎవరూ లేనప్పుడు తీసి, నాయన చేసినట్టే ఊపిరి వదిలి, నొక్కి, మళ్లీ ఊపిరి వదిలేదాన్ని. గూడు రాలేదు, కానీ ఆ వాసన వచ్చేది. తేనె, పొగ, ఇంకేదో దవాఖాన మందు వాసన. నాయనకు దుమ్ము వాసన పోయి అప్పటికి ఆ వాసనే మిగిలింది.

వానలు పడగానే నాకు దగ్గు పట్టుకుంది. ఏ పిల్లకైనా వానలకు దగ్గు వస్తుంది. మా ఇంట్లో ఎవరూ అట్లా అనుకోలేదు. నేను మొదటిసారి దగ్గిన రోజు నాయనమ్మ చేతిలోని చేట కిందపడి బియ్యం వాకిలంతా చెదిరిపోయాయి. నా ఒళ్లంతా తడిమి, పావడా చెరగు ముడి విప్పి, మైనం ఉండను చూసింది. "ఇది ఏడిది? దీన్ని ఏం జేస్తున్నవ్?" అని అడిగింది. నేను ఊది చూపించాను. మీ నాయన కూడా ఇట్లాగే చేస్తాడా అని అడిగితే, అవునన్నాను. నాయనమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది. ఆ చూపుకు నేను చచ్చిపోతానని నాకు ఖాయమైపోయింది. ఆ సాయంత్రం నాకూ కంచం వేరైంది, చెంబు వేరైంది. అమ్మ పెట్టిన అన్నాన్ని, ఏడిస్తే దగ్గొస్తుందని భయపడి ఏడవకుండా తిన్నాను.

మర్నాడే మామ నన్ను మళ్లీ గుట్టకు తీసుకుపోయాడు. నాయనను చూపించడానికి కాదు, నాకు రొమ్ము ఫోటో తీయించడానికి. ఎక్స్‌రేను అప్పుడు మేమంతా ఫోటో అనేవాళ్లం. చీకటిగదిలో చల్లటి రేకుకు నా రొమ్ము ఆనించి, ఊపిరి పీల్చి ఆపమన్నారు. ఆపడం నాకు బాగా వచ్చు, వదలమన్నాక కూడా వదల్లేదు. బయట బల్ల మీద కూచుని కబురు కోసం ఎదురుచూస్తుంటే వరండా మలుపులో నాయన కనిపించాడు. సిస్టరమ్మ వెంట సూది కోసం పోతున్నట్టున్నాడు. నన్ను చూశాడు, నేను కూచున్న బల్ల ఏ గది ముందుందో చూశాడు. గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూలబడ్డాడు. అంతకుముందూ ఆ తర్వాతా మా నాయన ముఖంలో అంత భయం నేను చూడలేదు. తన రుమాలులో నెత్తురు చూసుకున్నప్పుడు కూడా అట్లా లేడు. సిస్టరమ్మ లేపబోతే లేవలేదు. అక్కడి నుంచే మామను అడిగాడు, "మైనం ముట్టిందా" అని. మామ తలూపాడు.

ఫోటోలో ఏమీ లేదు. డాక్టరు సాబు వచ్చి నా బుగ్గ గిల్లి, వానదగ్గు, మిరియాల కషాయం తాగించండి అన్నాడు. మామ అక్కడే రెండు చేతులూ జోడించి ఏడ్చేశాడు. నాయన మాత్రం నా దగ్గరికి రాలేదు. తన మంచం దగ్గరికి పోయి, దిండు కింద, గూట్లో, పాత డబ్బాల్లో దాచుకున్న మైనం బొమ్మలన్నీ ఒక గుడ్డలో మూటకట్టి సిస్టరమ్మకిచ్చి, వంటపొయ్యిలో వెయ్యమన్నాడు. ఆమె వద్దని చెప్పింది. "నా ఊపిరి ఉన్నది ఒక్కటి గూడ ఉండొద్దు తల్లీ" అన్నాడు. ఆ మాట మద్దిచెట్టు కింద నిలబడ్డ నాకూ వినపడింది. మూట పొయ్యిలోకే పోయింది, ఆ బొమ్మలు ఎట్లా ఉండేవో మా ఇంట్లో ఎవరూ చూడలేదు. ఎన్నో ఏళ్లుగా నేను చేస్తున్నవన్నీ ఆ మూటలో ఏముండి ఉంటుందా అని ఊహించుకుంటూ చేస్తున్నవే. చదువుకున్నవాళ్లు నా పని గురించి పెద్ద పెద్ద వ్యాసాలు రాశారు. వాళ్లకు ఇంత సులువైన సంగతి చెప్పడానికి నాకు మొహమాటం వేసి ఊరుకున్నాను.

కొత్త మందులు పనిచేశాయి. నాయన గుట్ట దిగి ఇంటికి వచ్చాడు. మా వాడంతా బయటికి వచ్చి, దూరంగా నిలబడి, చచ్చి బతికినవాణ్ణి చూసినట్టు చూసింది. జబ్బు పోయిందని డాక్టరు చెప్పాడు, నాయనమ్మ నమ్మింది, అమ్మ నమ్మింది, పక్కింటివాళ్లు కూడా కొన్నాళ్లకు గోడ కంత తెరిచారు. నమ్మనిది నాయన ఒక్కడే. కొట్టంలోనే ఉంటానన్నాడు. తన కంచం తనే తోముకునేవాడు. ఎవరితో మాట్లాడినా ముఖం పక్కకు తిప్పుకుని మాట్లాడేవాడు. నేను పెద్దదాన్నై, మైనంతో మన్నుతో ఏవో చేస్తుంటే చూసి ఉండలేక పని నేర్పాడు కానీ, దగ్గర కూచుని కాదు. మైనాన్ని వేడినీళ్ల చట్టిలోనే మెత్తబరచాలని ఒట్టు వేయించుకున్నాడు. పొడుగాటి వెదురుపుల్ల ఒకటి పట్టుకుని అంత దూరం నుంచి చూపించేవాడు. "ఈడ మందమైంది. ఇంక జర పల్చగ. ఆడ గోడ ఒరిగింది సూడు." పుల్ల కొస నా వేలికి తగిలితే చప్పున వెనక్కి తీసుకునేవాడు. నా పెళ్లిలో కాళ్లు కడిగేటప్పుడు కూడా రుమాలు మూతికి కట్టుకున్నాడు. మొన్నమొన్న లోకమంతా మూతులకు గుడ్డలు కట్టుకుని, అయినవాళ్లను తలుపు సందులోంచి చూసుకున్న రోజుల్లో మా పిల్లలు ఎంత కిందామీదా పడ్డారో. నాకు కొత్తేమీ అనిపించలేదు. ఇప్పుడు క్షయకు ఏ గుట్టా ఎక్కక్కర్లేదు, ఊరి దవాఖానలోనే గోలీలు ఇస్తారు, వేసుకుని పనికి పోతున్నవాళ్లను చూస్తున్నాను. రోగాలకు మందులు వచ్చాయి. భయానికి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. గనుల దుమ్ముకు తోడు కరణ్‌కోట దిక్కు ఫ్యాక్టరీ సిమెంటు దుమ్ము కూడా వచ్చి చేరింది కాబట్టి తాండూరువాళ్ల దగ్గు మాత్రం అట్లాగే ఉంది.

నా మొదటి కాన్పు తల్లిగారింట్లోనే అయింది. ఆడపిల్ల. మా ఇళ్లలో పిల్లను తొట్టెలలో వేసి పేరు పెట్టే రోజు, తల్లి తండ్రి, అంటే పిల్లకు తాత, ఒడిలో పెట్టుకుని చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలి. తాత లేకపోతే వేరే పెద్దలు చెప్తారు కానీ, ఉండి చెప్పకపోతే పిల్లకు మంచిది కాదని నమ్మకం. పుట్టిన నాటి నుంచీ నాయన పిల్లను కిటికీలోంచి చూడటమే. ఆ రోజు తెల్లారి లేచి చూస్తే కొట్టంలో నాయన లేడు. చుట్టాలు వస్తున్నారు, తొట్టెల పూలతో కట్టారు, ఆయన జాడ లేదు. పొద్దెక్కుతున్నకొద్దీ అమ్మ ముఖం నల్లబడింది. వదిలేసిన గనుల్లో వాననీళ్లు నిండి ఉంటాయి, ఏటా ఒకరో ఇద్దరో అందులో తేలుతారు. ఎవరూ ఆ మాట అనలేదు. నాయనమ్మ మాత్రం, నడుము వంగిపోయినా, కర్ర పట్టుకుని గనుల వైపు నడవడం మొదలుపెట్టింది. శివయ్య మామ ఆమె వెంట ఉరికాడు. నేను పిల్లను రొమ్ముకు అదుముకుని గుమ్మంలో కూచున్నాను. పిల్ల ఆకలికి ఏడుస్తున్నా పాలివ్వాలని తోచలేదు.

మధ్యాహ్నం రైలు కూత వినపడిన కాసేపటికి బాట మలుపులో నాయన కనిపించాడు. చంకలో పెద్ద కాగితపు సంచి. నాయనమ్మకూ మామకూ దారిలోనే ఎదురైనట్టుంది, ముగ్గురూ కలిసే వచ్చారు. నాయన వాకిట్లో నిలబడి సంచిలోంచి నల్లటి ఫోటో తీశాడు. తెల్లారి బండికే వికారాబాదుకు పోయి, గుట్ట ఎక్కి, తన రొమ్ము మళ్లీ తీయించుకుని వచ్చాడు. దాన్ని ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. "అవ్వా, ఇగో సూడు. ఏం లేదంట. మంచిగ సూడు" అన్నాడు. నాయనమ్మ మసక కళ్లతో దాన్ని దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది. "గీ తెల్లయి ఏంది కొడుకా" అంది. "బొక్కలే అవ్వా" అన్నాడు. ఆమె ఫోటోను చేతితో ఒకసారి తుడిచి మామకిచ్చింది. "ఇగ చాలు. చేతులు కడుక్కోని రా, పిల్ల ఏడుస్తున్నది" అంది.

నాయన చేతులు కడుక్కున్నాడు. మళ్లీ కడుక్కున్నాడు. గడప ముందు ఆగాడు, నాయనమ్మ వీపున చెయ్యి వేసి లోపలికి నెట్టింది. పీట మీద కూచున్నాక పిల్లను నేనే ఆయన ఒడిలో పెట్టాను. పెట్టేటప్పుడు నా చేతులు ఆయన చేతులకు తగిలాయి. ఆయన వెనక్కి తీసుకోలేదు. ఎంత గరుకుగా ఉన్నాయో ఆ చేతులు, నేను అప్పటిదాకా మరిచేపోయాను. పిల్ల చెవి దగ్గరికి వంగి ఆగిపోయాడు. ఆయన రొమ్ము కదలడం లేదు. ఊపిరి బిగబట్టాడని నాకు అర్థమైంది. పేరు చెప్పాలంటే ఊపిరి వదలాలి, ఇంకో దారి లేదు. ఆయన కళ్లలోంచి నీళ్లు పిల్ల బొంత మీద పడుతున్నాయి. "సుగుణ" అన్నాడు. మొదటిసారి పెదాలు కదలడమే చూశాను. రెండోసారి నాకు వినపడింది. మూడోసారి వాకిట్లో నిలబడ్డవాళ్లకు కూడా వినపడింది.